చిట్టీయా? చందాయా?

అభిమానుల డబ్బుతో తయారయ్యే సినిమాల కథ

సాయంకాలం షిఫ్టు వదిలే వేళకు పటాన్‌చెరువులో బొంబాయి రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. పాశమైలారం నుంచీ, బొల్లారం నుంచీ వచ్చే కార్ఖానా బస్సులు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరుతాయి. కిటికీ పక్కన కూర్చున్న కుర్రవాళ్ళ చేతుల్లో ఫోనులుంటాయి. వాళ్ళు చూస్తున్నవి వార్తలనుకొనేరు! ఎవరో ఓ అబ్బాయి తన గదిలో కూర్చుని చెప్పిన హాస్యం విని, తమలో తామే నవ్వుకొంటూ ఉంటారు. వెనుకటి రోజుల్లో పక్కవాడి భుజం మీద చరిచి నవ్వేవారు. ఇప్పుడు చెవుల్లో తీగలు పెట్టుకొని ఒంటరిగా నవ్వుతున్నారు. అంతే తేడా.

మా పక్కింటి కుర్రవాడూ ఈ కోవలోని వాడే. మందుల కార్ఖానాలో పని. బుద్ధిమంతుడు. వాడికి అభిమాన హాస్యగాడొకడున్నాడు. ఆ హాస్యగాడు వీడియో గేములు ఆడుతూ, వాటిలోని తప్పులను మన సంగారెడ్డి యాసలో ఎండగడుతూ ఉంటాడు. వీడియో గేములంటే ఏమిటో తెలియని నాకే నవ్వొచ్చింది. తెలిసినవాళ్ళ సంగతి చెప్పాలా? ఆ మహానుభావుడు ఈ మధ్య ఓ ప్రకటన చేశాడట. "నేనో సినిమా తీస్తున్నాను. నాకు నిర్మాత అంటూ ఎవరూ లేరు. మీరే నిర్మాతలు. తలా కాస్త వెయ్యండి" అని. మావాడు పదివేలు వెయ్యడానికి సిద్ధపడ్డాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో జరిగిన సంభాషణ, పిట్టగోడకు ఇవతల కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించింది.

"బాపూ, పదివేలు పంపుతున్న."

"ఎవరికిరా? ఎవనికన్న పానం బాగలేదా?"

"కాదు బాపూ, సినిమాకు."

"సినిమాకు పదివేలా! టికెట్టు కొంటున్నవా, టాకీసే కొంటున్నవా?"

అంతలో వంటింట్లోంచి తల్లి చేతులు తుడుచుకొంటూ వచ్చింది. ఆమె కోప్పడలేదు. ఒక్క మాట అడిగింది.

"గది చిట్టీ కట్టినట్టా బిడ్డా, గణపతి చందా ఇచ్చినట్టా? ముందుగాల గంత చెప్పు."

కుర్రవాడు నోరు మెదపలేదు. మెదపడానికి వాడికేం తెలుసు? వాడికే కాదు, ఈ విధంగా డబ్బు వేసే వేలమందికి ఆ ప్రశ్న తట్టనే తట్టదు. ఆ తల్లి అడిగిన మాట పట్టుకొని నేను కొంత కూపీ తీశాను. తేలిన సంగతులు మీ ముందు పెడుతున్నాను.

రెండు రూపాయల నిర్మాతలు

సినిమాకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మామూలు దారి మీ అందరికీ తెలిసిందే. ఆస్తి తాకట్టు పెట్టే నిర్మాత ఒకడుంటాడు. వడ్డీకి అప్పిచ్చే ఫైనాన్సియరు ఒకడుంటాడు. చిత్రం పూర్తికాక ముందే అడ్వాన్సు ఇచ్చి హక్కులు కొనుక్కొనే పంపిణీదారుడు ఒకడుంటాడు. ప్రేక్షకుడు వచ్చేది చిట్టచివర, టికెట్టు కిటికీ దగ్గరికి. ఆ చివరివాణ్ణి తీసుకొచ్చి మొట్టమొదటి కుర్చీలో కూర్చోబెట్టడమే ఇప్పుడు మనం చెప్పుకొంటున్న కొత్త పద్ధతి.

కొత్త పద్ధతి అన్నానే గాని, నిజానికి అంత కొత్తదేమీ కాదు. మన సికిందరాబాదు తిరుమలగిరిలో 1934లో పుట్టిన శ్యామ్ బెనెగల్ ఈ పని 1976లోనే చేసి చూపించాడు. గుజరాతు పాల సహకార సంఘాల మీద ఆయన తీసిన హిందీ చిత్రం 'మంథన్'కు నిర్మాతలు 5 లక్షలమంది రైతులు. ఒక్కొక్కరు ఇచ్చినది అక్షరాలా 2 రూపాయలు. మొత్తం 10 లక్షలు. చిత్రం విడుదలయ్యాక ఆ రైతులు తమ సినిమా చూసుకోవడానికి ఊళ్ళకు ఊళ్ళే తరలివచ్చారు. 2024లో ఆ చిత్రాన్ని మళ్ళీ శుభ్రపరచి కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే బెనెగల్ కన్నుమూశాడు.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ రైతులు రెండు రూపాయలకు రెండున్నర వస్తాయని ఇవ్వలేదు. వాళ్ళ కథ, వాళ్ళ సంఘం, వాళ్ళ సినిమా. వెనుక లెక్కలు చూసే సహకార సంస్థ ఉంది. అదీ ధైర్యం. మరి ముక్కూమొహం తెలియని ఓ ఇంటర్నెట్టు హాస్యగాడికి ఇచ్చే వాళ్ళ ధైర్యం ఏమిటి? ఇది తెలియాలంటే కాసేపు అమెరికా వెళ్ళిరావాలి.

కోపిష్ఠి గేములరాయుడు

న్యూజెర్సీ రాష్ట్రంలో పెరిగిన జేమ్స్ రోల్ఫ్ అనే అబ్బాయికి చిన్నతనం నుంచీ సినిమాల పిచ్చి. ఇంట్లో ఉన్న వీడియో కెమేరాతో స్నేహితులను పోగుచేసి భూతాల కథలు తీసేవాడు. పెద్దవాడై ఫిలడెల్ఫియాలో ఆ విద్యే చదివాడు. 2004లో సరదాకు ఓ పని చేశాడు. తాను చిన్నప్పుడు ఆడి విసిగిపోయిన పాత వీడియో గేమునొకదాన్ని బయటికి తీసి, దానిలోని లోపాలను ఏకరువు పెడుతూ తిట్టిపోశాడు. ఆ తిట్లను వీడియోగా తీసి స్నేహితులకు చూపించాడు. వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. 2006లో ఓ స్నేహితుడి ప్రోద్బలంతో అది యూట్యూబుకెక్కింది. ఇహ చూసుకోండి, లోకమంతా నవ్వడం మొదలుపెట్టింది.

వేషం చూస్తే మీకూ నవ్వొస్తుంది. తెల్ల చొక్కా, జేబులో వరసగా కలాలు, కళ్ళజోడు. అచ్చం పాతకాలం ఆఫీసు గుమాస్తా. చేతకాని గేమును అమ్మి పిల్లల డబ్బు కాజేసిన కంపెనీల మీద ఆ గుమాస్తాకు ఎక్కడలేని కోపం. పేరు కూడా 'యాంగ్రీ వీడియో గేమ్ నెర్డ్'. మన భాషలో కోపిష్ఠి గేములరాయుడు అనుకోండి. పిల్లలున్న ఇళ్ళకు ముందే ఓ హెచ్చరిక: ఆ రాయుడి నోరు మంచిది కాదు. బూతులు ధారాళంగా దొర్లుతాయి.

సినిమా కల కన్నవాడికి పది నిమిషాల వీడియోలతో తృప్తి ఎక్కడిది? తన గేములరాయుడితోనే పూర్తి నిడివి హాస్యచిత్రం తీయాలనుకొన్నాడు. పెద్ద కంపెనీల గడప తొక్కలేదు. 2011లో ఇండీగోగో అనే సంస్థ ద్వారా ఇంటర్నెట్టులో అభిమానుల ముందు జోలె పట్టాడు. అడిగినది 75,000 డాలర్లు. వచ్చినవి 3,25,000 డాలర్లకు పైగా! అప్పటి మారకంలో సుమారు కోటిన్నర రూపాయలు. ఇంత ఇచ్చినవారికి ఇది అంటూ కానుకలుంటాయి గాని, లాభంలో వాటా మాట ఆ పద్ధతిలో ఉండదు. అంటే మా పక్కింటి తల్లి భాషలో చిట్టీ కాదు, చందా.

కథ కూడా విచిత్రమైనదే. 1982లో స్పీల్‌బర్గు తీసిన 'ఈ.టీ.' సినిమా లోకాన్ని ఊపేసింది గదా. దాని పేరుతో అటారీ కంపెనీ క్రిస్మసు పండుగకల్లా ఓ వీడియో గేము తేవాలని తొందరపడింది. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ఆయన ఐదు వారాల్లో దాన్ని తయారుచేయవలసి వచ్చింది. ఐదు వారాల్లో వండిన వంట ఎలా ఉంటుంది? కొన్న పిల్లలు ఏడ్చారు. అమ్ముడుపోని సరుకు గుట్టలు పడింది. 1983లో అటారీ కంపెనీ లారీలకెత్తించి న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగార్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్పించింది. కాలక్రమాన అది కట్టుకథేనని కొందరు, కాదు నిజమేనని కొందరు వాదించుకోసాగారు. రోల్ఫ్ తన చిత్రానికి ఈ తగాదానే తీసుకొన్నాడు. ఆ గేము పేరు చెబితేనే వణికిపోయే గేములరాయుడు, అక్కడ పూడ్చినదేమీ లేదని రుజువు చేయడానికి ఎడారికి బయలుదేరతాడు. వీళ్ళు ఇతర లోకాల జీవుల రహస్యం కోసం వచ్చారని భ్రమపడి ఓ సైన్యాధికారి వెంటపడతాడు. ఇహ పరుగులే పరుగులు!

2012లో షూటింగు జరిగింది. బొమ్మ మేడలు, బొమ్మ రాక్షసులు, చేతిపనితో చేసిన తంత్రాలు. ఆ పని తెమలడానికి రెండేళ్ళు పట్టింది. డబ్బిచ్చిన అభిమానులు ఎదురుచూశారు. ఈలోగా ఓ తమాషా జరిగింది. 2014 ఏప్రిల్ 26న అలమొగార్డో దిబ్బను నిజంగానే తవ్వారు. గేములు నిజంగానే బయటపడ్డాయి! మూడు నెలల తరువాత, జూలై 21న హాలీవుడ్డులోని ఈజిప్షియన్ థియేటరులో రోల్ఫ్ చిత్రం మొదటి ప్రదర్శన జరిగింది. ఆ గేము తయారుచేసిన వార్షా కూడా ఆ చిత్రంలో ఓసారి తళుక్కున కనిపిస్తాడు. తన తప్పును తానే నవ్వుతూ ఒప్పుకొన్న పెద్దమనిషి.

చిత్రం ఎలా ఉందంటారా? విమర్శకుల్లో చాలామందికి నచ్చలేదు. అభిమానుల్లోనే రెండు పక్షాలయ్యాయి. పది నిమిషాలు గదిలో కూర్చుని తిట్టే గేములరాయుడు వేరు, సుమారు రెండు గంటలు ఎడారిలో పరుగెత్తే గేములరాయుడు వేరు. పులిహోర బాగా చేసేవాడు పెళ్ళి వంట అంతా బాగా చేస్తాడని ఎక్కడుంది? కాని ఒక్కటి ఒప్పుకోవాలి. డబ్బు తీసుకొన్నాడు, సినిమా పూర్తి చేశాడు, ఇచ్చినవాళ్ళకు చూపించాడు. ఆ తరువాత మళ్ళీ తన గదికి వెళ్ళి గేములను తిట్టుకొంటూ కూర్చున్నాడు.

కన్నడం దాటి మన గడపకు

ఈ గాలి మనవైపూ వీచింది. కన్నడంలో పవన్ కుమార్ అనే దర్శకుడు, నిర్మాతలు తన కథను నమ్మడం లేదని ఇంటర్నెట్టులో ఆవేదన వెళ్ళబోసుకొంటే, చదివినవాళ్ళే తలా కొంత పోగుచేసి సుమారు అర కోటి ఇచ్చారు. అలా తయారైన 'లూసియా' 2013లో విడుదలై మంచి పేరు తెచ్చుకొంది.

తెలుగులో ఆ ముచ్చట తీర్చినవాడు ఫణీంద్ర నర్సెట్టి. ఆయన హాస్యగాడు కాదు, గేముల జోలికి పోయినవాడూ కాదు. కాని ఆయన కూడా సినిమాహాలు మెట్లెక్కక ముందు ఇంటర్నెట్టులోనే పేరు సంపాదించాడు. 2014లో వచ్చిన ఆయన పొట్టి చిత్రం 'మధురం' మన కుర్రకారులో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో నటించిన చాందిని చౌదరికి కూడా అది మంచి పేరు తెచ్చింది. దాని తరువాత ఫణీంద్ర పెద్ద చిత్రం తీయాలనుకొని, నిర్మాతల ఆఫీసుల చుట్టూ తిరగకుండా ఫేసుబుక్కులో తన అభిమానులనే అడిగాడు. వంద మందికి పైగా ముందుకొచ్చారు. కొద్ది రోజుల్లోనే కోటి రూపాయలు జమయ్యాయి. కోటి! ఓ పొట్టి చిత్రం చూసి, తమకు నచ్చిందన్న ఒక్క కారణంతో!

ఆ డబ్బుతో తయారైన 'మను' 2018 సెప్టెంబరు 7న విడుదలయింది. హాస్యనటుడు బ్రహ్మానందం గారి కుమారుడు రాజా గౌతమ్ కథానాయకుడు, చాందిని చౌదరి కథానాయిక. ఓ చిత్రకారుడు, ఓ అమ్మాయి, చీకటి, వాన, ఓ రహస్యం. ప్రతి దృశ్యమూ రంగులు కలిపి పటం గీసినట్టుందని మెచ్చుకొన్నవారున్నారు. సుమారు మూడు గంటల నిడివి చూసి, నడక మరీ నెమ్మదని విసుక్కొన్నవారూ ఉన్నారు. 'మధురం' లాంటి తీపి కోరుకొని వచ్చినవాళ్ళకు ఇది వేరే రుచి.

వడ్డీకిచ్చే ఆసామి అయితే ఏమనేవాడు? "అయ్యా, ఓ గంట కత్తిరించండి. రెండు పాటలు పెట్టండి. నాలుగు హాస్య సన్నివేశాలు దూర్చండి" అనేవాడు. అభిమానులిచ్చిన డబ్బు ఆ మాట అనదు. దర్శకుడు తన మనస్సులో ఉన్నది ఉన్నట్టు తీసుకోవచ్చు. ఈ పద్ధతిలోని మేలూ అదే, చిక్కూ అదే. అడ్డు చెప్పేవాడు లేకపోవడం వల్ల కొన్ని కొత్త సినిమాలు పుడతాయి. అడ్డు చెప్పేవాడు లేకపోవడం వల్లనే కొన్ని సినిమాలు దారి తప్పుతాయి. ఫణీంద్ర రెండవ పెద్ద చిత్రం '8 వసంతాలు' ఏడేళ్ళ తరువాత, 2025 జూన్‌లో వచ్చింది. ఈసారి డబ్బు పెట్టినది మైత్రీ మూవీ మేకర్స్ వంటి పెద్ద సంస్థ. అభిమానుల కోటి రూపాయలు ఆ తలుపు దాకా తీసుకువెళ్ళాయన్నమాట.

మరి పదివేల సంగతి?

ఇప్పుడు పక్కింటి తల్లి ప్రశ్నకు వద్దాం. చిట్టీయా, చందాయా?

మన ప్రాంతంలో చిట్టీ కట్టని ఇల్లు తక్కువ. చిట్టీకి లెక్క ఉంది, పాట ఉంది, 1982 నాటి చట్టం ఉంది, పైన రిజిస్ట్రారున్నాడు. ఈ నెల కాకపోతే వచ్చే నెల మన డబ్బు మన చేతికొస్తుంది. గణపతి చందా అలా కాదు. ఇచ్చేశాక తిరిగి అడగం. కాని మంటపం లేచిందా లేదా, విగ్రహం వచ్చిందా లేదా అని చూస్తాం. లేవకపోతే కుర్రవాళ్ళ చెవులు మెలిపెడతాం. అభిమానులిచ్చే సినిమా డబ్బు చాలావరకు ఈ రెండో రకంది. కొన్ని సందర్భాల్లో, సినిమా టికెట్టో కానుకో ముందుగా కొనుక్కొనే అడ్వాన్సు బేరం. అది అర్థమైతే సగం గొడవ తీరిపోతుంది.

గొడవ ఎక్కడొస్తుందంటే, చందా అడుగుతూ చిట్టీ ఆశ చూపించినప్పుడు. "మీరూ నిర్మాతలే, లాభంలో వాటా ఇస్తాం" అన్నారా, అప్పుడు మాట మారిపోతుంది. అది పెట్టుబడి. ఏ కంపెనీ అయినా కనిపించినవాడికల్లా ఇంటర్నెట్టులో వాటాలు అమ్ముకోవడానికి మన చట్టం ఒప్పుకోదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటుగా వాటాలిచ్చేది ఒక సంవత్సరంలో 200 మందికి మించరాదు. దీని మీద సెబీ సంస్థ 2014లోనే ఓ చర్చాపత్రం ప్రకటించింది. కాబట్టి వాటా మాట వినిపించిన చోట కాగితం చూపించమనండి. ఆ కాగితాన్ని తెలిసిన వకీలుకు చూపించండి. కాగితం లేదంటే చెయ్యి జేబులోనే ఉంచుకోండి.

ఇహ చందా అయితే అడగవలసినవి మూడే మూడు. ఒకటి: ఈ అబ్బాయి ఇదివరకు మొదలుపెట్టిన పని ఏదైనా పూర్తిచేశాడా? రోల్ఫ్‌కు ఏళ్ళ తరబడి తీసిన వీడియోలున్నాయి, ఫణీంద్రకు పొట్టి చిత్రాలున్నాయి. మాటలు చెప్పేవాణ్ణి కాదు, చేసి చూపించినవాణ్ణి చూసి ఇవ్వాలి. రెండు: ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అప్పుడప్పుడైనా చెబుతాడా? మూడు: ఈ డబ్బు తిరిగి రాకపోతే ఇంట్లో పొయ్యి మీద ఎసరు ఆగుతుందా? ఆగేట్టయితే అది చందా కాదు, తప్పు.

తీసుకొనే కుర్రవాళ్ళకూ ఓ మాట. ఫైనాన్సియరు డబ్బుకు వడ్డీ కడితే రుణం తీరుతుంది. అభిమాని డబ్బుకు వడ్డీ లేదు గనుకనే దాని రుణం బరువు. వాడు మీ సినిమా బాగుండాలని ఆశపడతాడు, కాని అది బాకీ కాదు, బాగోగులు దైవాధీనం. బాకీ వేరే ఉంది. పని పూర్తి చేయడం, లెక్క చెప్పడం, చేసినదాన్ని మొదట వాడికి చూపించడం. రాత్రి షిఫ్టు చేసి సంపాదించిన డబ్బు ఎవడో తన గదిలో కూర్చుని నవ్వించినందుకు పంపిస్తున్నాడంటే, అది మామూలు నమ్మకమా?

నేను ఈ సంగతులన్నీ పోగుచేసుకొని మొన్న ఆదివారం పక్కింటికి వెళ్ళాను. అప్పటికే అక్కడ తీర్పు అయిపోయింది. కుర్రవాడు హాస్యగాడికి ఉత్తరం వ్రాసి అడిగాడట. వాటాలేమీ లేవనీ, పేరు మాత్రం తెర మీద వేస్తామనీ జవాబు వచ్చిందట. పదివేలు కాస్తా రెండువేలయింది. తల్లి ఇంటి లెక్కల పుస్తకం తెచ్చి, గణపతికీ బోనాలకూ మధ్య ఓ గీత గీసి, "సినిమా చందా, రెండువేలు" అని వ్రాసింది. వ్రాసి, "గిప్పుడు సమజయింది" అంది.

తండ్రి అంతవరకూ పేపరు చదువుకొంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"సినిమా అచ్చిననాడు మనం ముగ్గురం పోవాలె. టికెట్లు కొనుక్కొనే పోదాం. చందా ఇచ్చినమని ముఫత్‌ల చూస్తమా?"